సెలవు చీటీ వెనుక లెక్క

"సెలవు" అన్న మాటకు మన తెలుగులో ఉన్నన్ని అర్థాలు ఇంకే మాటకైనా ఉన్నాయా అని నాకు అనుమానం. పెద్దలు ఏదైనా చెబితే "సెలవిచ్చారు" అంటాం. వారి ఆజ్ఞ కోసం నిలబడితే "ఏమి సెలవు?" అంటాం. గుమ్మం దాటుతూ "ఇక సెలవు" అంటాం. బడి లేకపోతే సెలవు, ఆఫీసుకు పోకపోతే సెలవు. పొరుగున తమిళ దేశంలోనైతే ఇదే మాటకు అర్థం ఖర్చు! ముప్పై నాలుగేళ్ళు ఒక కర్మాగారపు టైం ఆఫీసులో కూర్చుని సెలవు చీటీలు అందుకున్నవాడిని గనుక చెబుతున్నాను - ఈ అర్థాలన్నీ ఆ చిన్న చీటీలోనే ఇమిడి ఉన్నాయి. పనివాడికి అది విశ్రాంతి, అధికారికి అది ఇవ్వదలచుకున్న అనుమతి, యజమానికి అది ఖర్చు. ఈ ముగ్గురి మధ్య తగువు తీర్చడానికే సెలవు నిబంధనలు పుట్టాయి.

విద్యార్థి సంఘం కార్యవర్గం వారు పూర్వ విద్యార్థిగా నన్ను ఏదైనా వ్రాయమన్నప్పుడు, కవిత్వం నా వల్ల కాదు, నాకు తెలిసిన లెక్క వ్రాస్తానన్నాను. నేను ఇక్కడ బి.కాం. పూర్తిచేసింది 1983లో. ఆ సంవత్సరమే ఉద్యోగంలో చేరాను. అప్పుడు నా చేతికిచ్చిన నియామకపు ఉత్తర్వులో జీతం ఎంతో చూశానే గాని సెలవు సంగతి ఏ పేరాలో ఉందో చూడలేదు. ఇప్పటి విద్యార్థులూ అంతేనని, మొన్న మా మేనల్లుడి కొడుకు తన ఆఫర్ లెటరు చూపించినప్పుడు తెలిసింది. "తాతయ్యా, ప్యాకేజీ ఎంతో చూడు" అన్నాడు. "సెలవులు ఎన్నిరా?" అంటే, "అది హెచ్.ఆర్. వాళ్ళు చూసుకుంటారులే" అన్నాడు. ఈ వ్యాసం ముఖ్యంగా వాడి వంటివారి కోసం.

ముందుగా ఒక మాట. జీతంతో కూడిన సెలవు దానం కాదు. చేసిన పనికి వచ్చే కూలిలో ఒక భాగం అప్పటికప్పుడు డబ్బుగా కాకుండా రోజుల రూపంలో జమ అవుతుంది. ఆంగ్లంలో దీనినే 'ఎర్న్‌డ్ లీవు' అంటారు. మన ఆఫీసు భాషలో ఆర్జిత సెలవు. ఆర్జించినది అనే మాటలోనే అంతా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షను ప్రకారం పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జమ కట్టేవాళ్ళం. 290 రోజులు పనిచేస్తే పద్నాలుగున్నర. అర రోజు గాని అంతకు మించి గాని వస్తే పూర్తి రోజుగా లెక్క, అంతకు తక్కువైతే వదిలివేయడం. కాబట్టి పదిహేను. ఆ పదిహేను రోజులూ మనిషి ఊళ్ళో ఉన్నా, కొండ ఎక్కి దేవుణ్ణి చూసినా, అరుగు మీద పడుకున్నా జీతం నడుస్తుంది. ఎంత జీతం? సెలవుకు ముందు నెలలో పనిచేసిన రోజుల సగటు సంపాదన. కరువు భత్యం కలుపుతారు, ఓవర్‌టైమూ బోనసూ కలపరు.

ఇంతవరకు సులభమే. చిక్కంతా గుమ్మం దగ్గర ఉండేది. ఆ గుమ్మం పేరు 240.

క్యాలెండరు సంవత్సరంలో 240 రోజులు పనిచేసినవాడికే పై లెక్క వర్తించేది. 240 పనిచేసినవాడికి వచ్చే ఏడాది పన్నెండు రోజుల జీతపు సెలవు. 239 పనిచేసి రోల్సులో ఉన్నవాడికి సున్న! పదకొండున్నర కాదు, సున్న. ఆదివారాలు ఈ లెక్కలోకి రావు, పనిచేసిన రోజులే వస్తాయి. లే-ఆఫ్ రోజులు, పన్నెండు వారాల వరకు ప్రసూతి సెలవు, అంతకు ముందు ఏడాది సంపాదించుకుని వాడుకున్న సెలవు - ఈ మూడూ 240లో కలుస్తాయి గాని వాటి మీద కొత్త సెలవు రాదు. జ్వరంతో మంచాన పడిన రోజులకు ఆ మన్నన లేదు. అంటే వేసవిలో రెండు నెలలు కామెర్లతో ఉన్నవాడు డిసెంబరు వచ్చేసరికి ఒక్కొక్క రోజూ వేళ్ళ మీద లెక్క పెట్టుకోవలసిందే.

డిసెంబరు నెలలో మా టైం ఆఫీసు కిటికీ చూడవలసిందే. షిఫ్టు దిగి, చేతులకు గ్రీజు తుడుచుకుంటూ వచ్చేవారు. "బాబూ, నాది ఎంతయిందో కాస్త సూసి సెప్పండి." రిజిష్టరు తీసి కూడితే ఒకడికి 236, ఒకడికి 243. 236 వచ్చినవాడి ముఖం చూసి, "ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి కదా, నాలుగు రోజులు నాగా లేకుండా రా చాలు" అనేవాణ్ణి. నాగా అంటే చెప్పక చేయక మానేసిన రోజు. ఆ రోజు కూలి పోతుంది. కాని డిసెంబరు చివరి వారంలో ఒక నాగా విలువ ఒక రోజు కూలి కాదు, పదమూడు రోజుల కూలి అని ఆ మనిషికి ఎవరు చెబుతారు? టైం ఆఫీసు గుమాస్తా చెప్పాలి. చెప్పని గుమాస్తాలనూ చూశాను. రిజిష్టరు చూపించడం తమ హోదాకు తక్కువని కొందరి నమ్మకం.

ఈ గుమ్మం ఇప్పుడు తగ్గింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి, మిగతా మూడు కార్మిక స్మృతులతో కలిసి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. పాత ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం అందులో కలిసిపోయాయి. కొత్త స్మృతి 32వ సెక్షనులో 240 పోయి 180 వచ్చింది. ఇరవైకి ఒకటి అనే రేటు మాత్రం మారలేదు. నెలకు 26 పనిదినాల చొప్పున చూస్తే 240 కావడానికి తొమ్మిది నెలలు దాటాలి. 180కి ఏడు నెలలు చాలు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎవరికి ముఖ్యమో తర్వాత చెబుతాను.

మీ వంటివారికి పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పరీక్షలు వ్రాసి, ఫలితాలు వచ్చి, జూలై 1న ఉద్యోగంలో చేరారనుకుందాం. ఆ ఏడాదిలో 240 గాని 180 గాని పని చేయడం ఎలాగూ కుదరదు. అందుకని చట్టం సగంలో చేరినవారికి వేరే కొలత పెట్టింది. జూలై 1 నుండి డిసెంబరు 31 వరకు 184 రోజులు. పాత చట్టంలో అందులో మూడింట రెండు వంతులు, అనగా 123 రోజులు పని చేయాలి. కొత్త స్మృతిలో నాలుగో వంతు, అనగా 46 రోజులు చాలు. 150 రోజులు పనిచేస్తే ఇరవైతో భాగించి ఏడు రోజుల పైచిలుకు సెలవు చేతికి వస్తుంది. "కొత్తవాళ్ళకు ఏడాది నిండేవరకు ఏమీ ఉండదమ్మా" అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

అయితే ఇక్కడొక మెలిక. స్మృతిలో 'వర్కర్' అనే పదానికి నిర్వచనం ఉంది. మేనేజరు హోదాలో ఉన్నవారు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు అందులోకి రారు. పట్టభద్రులకు కంపెనీలు ఇచ్చే పెద్ద పెద్ద హోదాల వెనుక ఇదీ ఒక కారణమేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. చొక్కా మీద 'ఎగ్జిక్యూటివ్' అని బిళ్ళ పెట్టుకున్నవాడు హక్కు కోసం చట్టం పుస్తకం కంటె ముందు కంపెనీ పాలసీ పుస్తకం చూసుకోవాలి.

వాడుకోని సెలవు ఏమవుతుంది? ముప్పై రోజుల వరకు మరుసటి ఏడాదికి మోసుకుపోవచ్చు. అడిగినా ఇవ్వకుండా తిరస్కరించిన సెలవుకు ఈ హద్దు లేదు, ఎన్ని రోజులైనా నిలవ ఉంటుంది. అందుకే మేనేజరు నోటి మాటగా "ఇప్పుడు కుదరదోయ్" అంటే ఊరుకోకూడదు. చీటీ వ్రాసి ఇచ్చి, దాని మీదనే 'తిరస్కరించడమైనది' అని సంతకం తీసుకోవాలి. సంతకం లేని తిరస్కారం తిరస్కారం కాదు, మీరే అడగలేదన్నమాట! సంక్రాంతి ముందు మా దగ్గర ఇదే పెద్ద గొడవ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చిన కార్మికులు సగానికి పైగా ఉండేవారు. పండుగకీ కోతలకీ ఊరికి పోని మనిషి లేడు. అందరికీ ఒకేసారి సెలవిస్తే బాయిలరు ఎవరు చూస్తారు? పాత చట్టం పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలనీ, ఏడాదిలో మూడు విడతలకు మించకూడదనీ చెప్పింది. మావాళ్ళు భోగికి నాలుగు రోజుల ముందు వచ్చి చీటీ ఇచ్చేవారు. చివరకు యూనియన్ పెద్దలూ ఫోర్‌మన్‌లూ కూర్చుని ఈ ఏడు నువ్వు, వచ్చే ఏడు నేను అని పంచుకునేవారు. క్రైస్తవులు, ముస్లిములు సంక్రాంతికి పని చూసి క్రిస్మస్‌కీ రంజాన్‌కీ వెళ్ళేవారు. ఏ చట్టంలోనూ లేని ఈ ఏర్పాటు చట్టం కంటె బాగా నడిచింది.

కొత్త స్మృతిలో మరొక మంచి మార్పు - ఏడాది చివర కార్మికుడు కోరితే మిగిలిన సెలవును డబ్బుగా ఇవ్వాలి. ముప్పైకి మించి పేరుకున్నదీ అంతే. పూర్వం కర్మాగారాలలో ఇది మేనేజిమెంటు దయ మీదనో యూనియన్ ఒప్పందం మీదనో ఉండేది.

ఇంకొక గుంట ఉంది, జాగ్రత్త. శనివారం, సోమవారం సెలవు పెడితే మధ్యలో ఆదివారాన్ని కూడా కలిపి మూడు రోజులు కోసే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉంది. దానికి 'శాండ్‌విచ్' అని ముద్దు పేరు. వార్షిక సెలవు విషయంలో పాత చట్టమూ కొత్త స్మృతీ రెండూ ఒకటే మాట చెప్పాయి: సెలవు మధ్యలో గాని ముందూ వెనుకా గాని వచ్చే పండుగలు, వారపు సెలవులు లెక్కలోకి రావు. కార్మికుడి ఆదివారం అతని సొంతం.

ఆ ఆదివారం మాత్రం ఊరికే వచ్చిందా! బొంబాయి మిల్లుల్లో వారమంతా పనిచేసే రోజుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి ఏళ్ళ తరబడి అడిగితే, 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది, 1891 ఫ్యాక్టరీల చట్టంలో వారానికో సెలవు చేరింది. కాని అది కూలి లేని సెలవు. కూలితో సెలవు అనే భావన చట్టంగా మారడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది. 1936 వేసవిలో ఫ్రాన్సు దేశపు కార్మికులు కర్మాగారాలను ఆక్రమించి సమ్మె చేసినప్పుడు లియోన్ బ్లూమ్ ప్రభుత్వం రెండు వారాల జీతపు సెలవును శాసనం చేసింది. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 52వ ఒడంబడికలో ఏడాది పనికి కనీసం ఆరు పనిదినాల సెలవు ఉండాలన్నది. మన దేశంలో 1945 సవరణతో పది రోజుల సెలవు వచ్చి, 1948 చట్టంలో నేను పైన చెప్పిన ఇరవైకి ఒకటి రూపం తీసుకుంది. 1970లో అదే సంస్థ 132వ ఒడంబడికలో కనీసం మూడు వారాలు అన్నది. దానికి మన దేశం సంతకం పెట్టలేదు.

సింగరేణి వైపు నుండి వచ్చిన విద్యార్థులకు ఈ లెక్కలు వేరుగా తెలిసి ఉంటాయి. అక్కడ హాజరును 'మస్టరు' అంటారు. 1952 గనుల చట్టంలో భూమి లోపల పనిచేసేవారికి 190 హాజర్లు నిండితే చాలు, పదిహేను రోజులకు ఒక రోజు సెలవు. భూమి పైన పనికి 240, ఇరవైకి ఒకటి. గాలీ వెలుతురూ లేనిచోట పదిహేను రోజులు పైన ఇరవై రోజులతో సమానమని చట్టమే ఒప్పుకున్నదన్నమాట. కొత్త స్మృతి కూడా లోపలివారికి పదిహేనుకు ఒకటిని నిలిపింది.

ఇక ప్రభుత్వోద్యోగాల సంగతి. మన లెక్చరరు గార్లకు నేను చెప్పేదేమీ ఉండదు గాని విద్యార్థుల కోసం కొంచెం. సి.ఎల్. అనగా ఆకస్మిక సెలవు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకు ఏడాదికి 15, కేంద్రంలో 8. విచిత్రమేమంటే నిబంధనల దృష్టిలో ఇది అసలు సెలవే కాదు, సి.ఎల్.లో ఉన్నవాడు డ్యూటీలో ఉన్నట్టే లెక్క. అందుకే దీన్ని ఇతర సెలవులతో కలపనివ్వరు, డిసెంబరు 31తో మిగిలినవి మురిగిపోతాయి. ఈ కారణం చేతనే డిసెంబరు చివరి వారంలో ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. ఇ.ఎల్. జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను ముందుగానే ఖాతాలో పడతాయి. కొంత భాగాన్ని 'సరెండరు' చేసి డబ్బు తీసుకోవచ్చు. పదవీ విరమణ నాటికి 300 రోజుల వరకు నిలవ ఉంచుకుని నగదుగా మార్చుకోవచ్చు. సగం జీతపు సెలవు ఏడాదికి ఇరవై రోజులు; డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి రెండు సగాలను ఒక పూర్తిగా మార్చుకుంటే అది 'కమ్యూటెడ్'.

ఇన్ని ఉన్నా ఫండమెంటల్ రూల్ 67 ఒక మాట అంటుంది: సెలవును హక్కుగా కోరరాదు. అధికారి కాదనవచ్చు, ఇచ్చినది రద్దు చేయవచ్చు. కాని మీరు అడిగిన సెలవు రకాన్ని ఆయన ఇష్టానుసారం మార్చడానికి మాత్రం వీల్లేదు. నిలవ మీది, ఎప్పుడు వాడుకోవాలన్నదే ఆయన చేతిలో ఉంది.

"మీకేం మాస్టారూ, వేసవంతా సెలవులే" అని ఉపాధ్యాయులను అనేవారు ఒక సంగతి గ్రహించాలి. వెకేషన్ ఉన్న శాఖల వారికి ఇ.ఎల్. కుదిస్తారు. మన రెండు రాష్ట్రాల బడి పంతుళ్ళకు అది ఏడాదికి ఆరు రోజులే. ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత గుమాస్తా 300 రోజుల జీతం అందుకుంటే, పంతులు గారి ఖాతాలో అంతకంటె చాలా తక్కువే ఉంటుంది. వేసవి సెలవుల ఖరీదు వారు అలా చెల్లిస్తున్నారు.

మన పట్టభద్రులలో చాలామంది చేరేది కర్మాగారాల్లోనూ కాదు, ప్రభుత్వంలోనూ కాదు. దుకాణాలు, ప్రైవేటు ఆఫీసులు, సాఫ్ట్‌వేరు కంపెనీలు. వీటికి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది; రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా దానినే తన పేరుతో ఉంచుకుంది. దాని ప్రకారం 240 రోజులు పనిచేసినవారికి 15 రోజుల జీతపు సెలవు, అరవై రోజుల వరకు నిలవ. అనారోగ్యానికి 12, ఆకస్మిక అవసరాలకు 12. బట్టల కొట్టులో పొద్దుటి నుండి రాత్రి వరకు నిలబడే అమ్మాయికి ఈ మూడు అంకెలు ఎవరూ చెప్పరు. నాకు తెలిసిన పెద్ద పెద్ద దుకాణాల్లో అడిగి చూశాను. నెలకు రెండు 'ఆఫ్'లు తప్ప ఇంకేమీ తెలియదన్నారు.

జబ్బు విషయం వేరు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. ఉంటుంది. ఉద్యోగి జీతంలో నూటికి ముప్పావలా, యజమాని మూడుంబావు చెల్లిస్తారు. జబ్బు పడితే ఏడాదిలో 91 రోజుల వరకు సగటు కూలిలో 70 శాతం ఇ.ఎస్.ఐ. ఇస్తుంది, యజమాని కాదు. ప్రసూతికి 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, ఆ పైన 12 వారాలు.

అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఈ సంచిక చదువుతారని సంపాదకులు చెప్పారు గనుక వారి పద్ధతి కూడా నాలుగు మాటలు. అక్కడ ప్రైవేటు ఉద్యోగికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే జాతీయ చట్టమే లేదు. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం పన్నెండు వారాలు ఉద్యోగాన్ని కాపాడుతుంది గాని జీతం ఇప్పించదు. అంతా కంపెనీ పాలసీయే. చాలా చోట్ల విహారానికీ జబ్బుకీ సొంత పనికీ కలిపి ఒకే కుండ పెట్టి దానికి పి.టి.ఓ. అని పేరు పెట్టారు. ఏడాదికి 15 రోజులు అంటే 120 గంటలు. నెలకు రెండు జీతాల చొప్పున 24తో భాగిస్తే ఒక్కో జీతానికి అయిదు గంటలు జమ. సౌకర్యం ఏమంటే, కారణం చెప్పనక్కరలేదు. నష్టం ఏమంటే, ఫిబ్రవరిలో ఫ్లూ వస్తే ఆ రోజులు డిసెంబరులో అమ్మానాన్నలను చూడడానికి దాచుకున్న కుండలో నుండే పోతాయి. అందుకని జ్వరంతోనే ఆఫీసుకు పోతారు, పక్క కుర్చీ వాడికి అంటిస్తారు.

కాలిఫోర్నియాలో సంపాదించిన సెలవు కూలితో సమానమని అక్కడి సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పింది. కాబట్టి అక్కడ వాడుకోకపోతే పోతుంది అనడానికి వీల్లేదు. ఉద్యోగం మానినరోజు నిలవకు డబ్బు కట్టాలి. మరి కొన్ని కంపెనీలు 'ఎన్ని సెలవులైనా తీసుకోండి' అనే పాలసీ పెట్టాయి. చూడడానికి కల్పవృక్షమే! కామర్సు విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నిలవ ఉన్న సెలవు కంపెనీ పుస్తకాల్లో అప్పు. మన అకౌంటింగ్ స్టాండర్డ్ 15 కూడా దానికి ప్రొవిజను కట్టమంటుంది. హద్దు లేని సెలవులో జమా ఖర్చూ ఉండదు. జమ లేదు గనుక నిలవ లేదు, నిలవ లేదు గనుక వెళ్ళిపోయేటప్పుడు చెల్లించవలసిందీ లేదు.

ఇప్పుడు ఆ 240, 180 సంగతికి వస్తాను. మా కర్మాగారంలో లోడింగు పని కాంట్రాక్టు మీద నడిచేది. కాంట్రాక్టరు ఏటా సెప్టెంబరులో పాత మనుషులను తీసివేసి, నెల తర్వాత వేరే పేరుతో మళ్ళీ అదే మనుషులను తెచ్చేవాడు. ఏ ఒక్కరికీ 240 నిండేది కాదు. అందరూ "సెలవు మనకు లేదు" అనే నమ్మకంతోనే బ్రతికారు. ఒకసారి ఆ ముఠాలో ఒక మనిషి జూలై నెలలో గుండె ఆగి పోయాడు. పది రోజుల తర్వాత అతని భార్య వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. "మా ఇంటాయనది ఏదైనా రావాల్సింది ఉందేటి బాబూ?" అని అడిగింది. కాంట్రాక్టరు గుమాస్తా అప్పటికే ఆఖరి వారం కూలి చేతిలో పెట్టి పంపేశాడట.

రిజిష్టరు చూస్తే అతను ఆ ఏడాది 163 రోజులు పనిచేశాడు. 79వ సెక్షను మూడో ఉపవిభాగాన్ని చాలామంది పూర్తిగా చదవరు. ఉద్యోగం నుండి తీసివేసినా, మానేసినా, రిటైరైనా, సర్వీసులో ఉండగా మరణించినా - 240 నిండకపోయినా సరే - అప్పటివరకు చేసిన పనికి ఇరవైకి ఒకటి చొప్పున సెలవు కూలి ఇవ్వాలి. మరణించినవారి విషయంలో వారసులకు రెండు నెలల లోపల. తీసివేసిన, మానేసిన వారికి రెండో పనిదినం దాటకుండా. 163ని ఇరవైతో భాగిస్తే ఎనిమిది రోజులు. కాంట్రాక్టరు "రెండు వందల నలభై ఎక్కడండీ?" అన్నాడు. చట్టం పుస్తకం తెచ్చి ఆ పేరా మీద వేలు పెట్టి చూపించాను. కాంట్రాక్టరు చెల్లించకపోతే కూలి బాధ్యత అసలు యజమాని మీద పడుతుందని 1970 కాంట్రాక్టు లేబరు చట్టం చెప్పడం వల్ల మా పర్సనల్ ఆఫీసరు కూడా నా పక్షం వహించారు. గడువుకు నాలుగు రోజుల ముందు ఆమెకు ఎనిమిది రోజుల కూలి అందింది. పెద్ద మొత్తం కాదు. కాని ఆ వారం ముఠాలో మిగతావారు ఒక్కొక్కరే వచ్చి, పోయిన సెప్టెంబరుల్లో తమను తీసివేసినప్పుడు ఎన్ని రోజులు రావాలో అడిగారు. అంతకు ముందు సంవత్సరాల లెక్కలు నేను కాగితం మీద వేసి ఇచ్చాను. కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. కాంట్రాక్టరు పేరు మారినప్పుడు రిజిష్టర్లు కూడా మాయమయ్యాయి.

ఆ నియమం కొత్త స్మృతిలోనూ అలాగే ఉంది. రెండో పనిదినం, రెండు నెలలు - ఆ గడువులూ అవే.

సెలవు అసలే లేనివారు మాత్రం మన కళ్ళ ముందే ఉన్నారు. మోటారు సైకిలు మీద భోజనం తెచ్చే కుర్రవాడు ఏ కంపెనీకీ ఉద్యోగి కాదట, భాగస్వామి అట. జ్వరం వస్తే ఫోను కట్టేసుకుంటాడు, ఆ రోజు సంపాదన సున్న. అంత దూరం ఎందుకు, మన రెండు రాష్ట్రాల జూనియర్, డిగ్రీ కళాశాలల్లో గెస్టు లెక్చరర్లుగా పాఠాలు చెబుతున్నవారిని చూడండి. వారికి జీతం చెప్పిన గంటల లెక్కన. దసరా వస్తే గంటలు లేవు, సంక్రాంతి వస్తే లేవు, ఏప్రిల్ నెలాఖరు నుండి జూన్ వరకు అసలే లేవు. విద్యార్థులు సెలవులు ప్రకటించారని చప్పట్లు కొట్టే రోజే వారి జీతం ఆగిపోయే రోజు. అదే స్టాఫ్ రూములో, అదే బల్ల దగ్గర ఒకరికి వెకేషనూ మరొకరికి నాగానూ! సంఘం కార్యవర్గం వారు ఈ ఏడు ప్రిన్సిపాలు గారికి ఇచ్చే వినతిపత్రంలో క్యాంటీను, బస్ పాసులతో పాటు ఈ విషయం కూడా ఒక పేరా చేర్చవచ్చు. వ్రాయడానికి నా సాయం కావాలంటే వస్తాను.

చివరగా ఉద్యోగాలకు పోయేవారికి పనికివచ్చే సంగతులు. ఆర్డరు చేతికి రాగానే ఏడాది ఏ నెల నుండి లెక్కిస్తారో చూడండి, కొందరు జనవరి అంటారు, కొందరు ఏప్రిల్. ప్రొబేషనులో సెలవు జమ అవుతుందా, జమ అయినా వాడుకోనివ్వరా అన్నది అడగండి, రెండూ ఒకటి కావు. రాజీనామా నోటీసు కాలంలో నిలవ సెలవును సర్దుబాటు చేస్తారా, డబ్బు ఇస్తారా అన్నది కూడా చూసుకోవాలి. నెల నెలా వచ్చే జీతపు చీటీలో సెలవు నిలవ ఉంటే దాన్ని దాచుకోండి. లేకపోతే మీ సొంత డైరీలో వ్రాసుకోండి. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా చీటీ నకలు మీ దగ్గర ఉండాలి. ఫోనులో పంపినదైతే ఆ తెర బొమ్మ తీసిపెట్టుకోండి. నామినీ పేరు వ్రాసే కాగితం మొదటి రోజునే నింపండి, పెళ్ళయిన తర్వాత మళ్ళీ మార్చండి. ఆ లోడింగు మనిషి కాగితంలో నామినీ గడి ఖాళీగా ఉంది. అందువల్ల అతని భార్య ఎనిమిది రోజుల కూలి కోసం తహసీలుదారు ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరగవలసి వచ్చింది.